బాలానగర్ నుంచి భోసరి దాకా

మొదటి రోజు, ఆదివారం

సంక్రాంతి వెళ్లిన తర్వాతి ఆదివారం. పొద్దున ఏడు గంటలకు కూకట్‌పల్లి బస్టాప్‌లో సోలాపూర్ బస్సు కోసం నిలబడ్డాం. నేను, మా ఆవిడ, పాప. పాప పదో తరగతి. మార్చిలో పరీక్షలు. అవి అయ్యేదాకా వాళ్లిద్దరూ మూసాపేటలోనే ఉండాలని, నేను ముందు వెళ్లి పుణెలో కుదురుకోవాలని అనుకున్నాం. బస్సు ఎక్కేముందు మా ఆవిడ ఒక్కటే మాట అంది. "పైసలు మిగులుతయని కడుపు మాడ్చుకోకు."

సామాను పెద్దగా ఏమీ లేదు. నాలుగు జతల బట్టలు, దుప్పటి, ఐటీఐ సర్టిఫికెట్, బాలానగర్ సీఐటీడీ శిక్షణ సంస్థలో సీఎన్‌సీ, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్ పని, నేర్చుకున్నప్పటి కాగితం, పాత కంపెనీ ఇచ్చిన ఎక్స్‌పీరియన్స్ లెటర్. వీటన్నిటికంటే జాగ్రత్తగా పెట్టుకున్నది నా లివర్ డయల్, సన్నటి తేడాను కూడా ముల్లుతో చూపించే కొలత పరికరం. దాన్ని పాత బనీనులో చుట్టి స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఒళ్లోనే పెట్టుకున్నాను. ఒక్కసారి కింద పడిందంటే దాని ముల్లు చూపించే మాట నమ్మడానికి ఉండదు.

పుణె నుంచి మచిలీపట్నం వెళ్లే 65వ నంబర్ జాతీయ రహదారి ఇదే. మా అమ్మ ఉండే సూర్యాపేట మీదుగా వచ్చి, హైదరాబాద్‌లో దూరి, మా మూసాపేట చౌరస్తా దాటి, పటాన్‌చెరు, జహీరాబాద్ మీదుగా సోలాపూర్ వెళ్తుంది. పద్నాలుగేళ్లు రోజూ సైకిల్ మీదా, తర్వాత బండి మీదా ఈ రోడ్డును అడ్డంగా దాటి డ్యూటీకి వెళ్లాను. పొడుగునా వెళ్తే ఎక్కడికి చేరుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

పటాన్‌చెరు దాటాక బస్సు వేగం అందుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఆలోచనలన్నీ అప్పుడే మొదలయ్యాయి.

సెప్టెంబర్ రెండో వారంలో ఒక మంగళవారం షిఫ్ట్ అయ్యాక అందర్నీ ఒక దగ్గరికి పిలిచారు. మొత్తం ఇరవై ముగ్గురం. ముఖ్యమైన కస్టమర్ ఆర్డర్ ఇంకో చోటికి మార్చుకున్నాడని, నెలాఖరుకు షెడ్డు మూసేస్తున్నామని చెప్పారు. ఎవరూ అరవలేదు. ఎందుకు, ఏమిటి అని కూడా ఎవరూ అడగలేదు. నేను నడిపిన మిషన్‌ను లారీ ఎక్కించిన రోజు మాత్రం నాకు నిలబడబుద్ధి కాలేదు. క్రేన్ దాన్ని లేపగానే కింద నేల మీద మిషన్ ఆకారంలోనే పచ్చటి సిమెంటు కనిపించింది. చుట్టూ అంతా పద్నాలుగేళ్ల ఆయిల్ మరక, మధ్యలో ఆ ముక్క ఒక్కటి కొత్తగా పోసినట్టు ఉంది. ఆ చదరం ఇప్పటికీ కళ్ల ముందు కదుల్తుంది.

గ్రాట్యుటీ, అంటే పని వదిలేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు, గురించి ఇక్కడ చెప్పాలి, మాలో చాలామందికి తెలియదు కాబట్టి. ఒకే చోట ఐదేళ్లు నిండితే అది మన హక్కు. చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, ఎన్నేళ్లు చేశామో అన్నిసార్లు వేసుకోవాలి. నా బేసిక్ 18,200. అంటే రోజుకు 700. పదిహేను రోజులకు 10,500. పద్నాలుగేళ్లకు 1,47,000. ముప్పై రోజుల్లో చేతికి రావాలని చట్టం చెప్తుంది. నాకు రెండు చెక్కులుగా, మూడు నెలలకు వచ్చింది. ఎనిమిదేళ్లు చేసిన హెల్పర్ ఒకతను ఇచ్చింది తీసుకుని సంతకం పెట్టి వెళ్లిపోయాడు. అతనికి లెక్క చెప్పేవాళ్లు లేకపోయారు. ఆ రోజు నేను పక్కన ఉండి కూడా నోరు తెరవలేదు. నా టెన్షన్‌లో నేనున్నాను. ఆ బాధ నాకు ఉద్యోగం పోయిన బాధకేమీ తక్కువ కాదు.

ఆ తర్వాత నాలుగు నెలలు. జీడిమెట్లలో తిరిగాను, చర్లపల్లిలో తిరిగాను. 42 ఏళ్లంటే కొందరు కాగితాలు కూడా చూడలేదు. చూసినవాళ్లు 18,000 దగ్గర ఆగారు. నేను దిగిపోయిన జీతం 26,000. రెండు నెలలు బైక్ టాక్సీ నడిపాను. డిసెంబర్‌లో ఒక రాత్రి ఫోన్ వచ్చింది. మా దగ్గర హెల్పర్‌గా చేరి, నా దగ్గరే టూల్ మార్చడం నేర్చుకున్న పిల్లాడు. ఆరేళ్ల కింద పుణె వెళ్లి ఇప్పుడు అక్కడి చాకన్‌లో సెట్టర్, అంటే మిషన్‌లో టూళ్లు, సైజు కుదిర్చేవాడు. "అన్నా, ఇక్కడ సెట్టర్లు దొరకక మిషన్లు ఊకె ఉంటున్నయి. నువ్వు రా. భోసరిల ఒక కంపెనీ ఉన్నది, నేను మాట్లాడిన" అన్నాడు. భోసరి పుణె పక్కనున్న ఫ్యాక్టరీల ఊరు. ఆ రాత్రి నేను, మా ఆవిడ రెండు గంటల దాకా కూర్చుని లెక్కలు వేసుకున్నాం.

జహీరాబాద్ దాటాక బోర్డులు కన్నడంలోకి మారాయి. హుమ్నాబాద్‌లో బస్సు ఆగినప్పుడు టీ తాగాను. ఉమర్గా వచ్చేసరికి మరాఠీ. ఒక్క పూటలో మూడు లిపులు. కానీ బయట నేల మాత్రం మారలేదు. అదే నల్లరేగడి, అవే జొన్న చేలు, కంది మోళ్లు. 1956 దాకా ఈ దారిలో నల్‌దుర్గ్ దాకా అంతా హైదరాబాద్ రాష్ట్రమేనని చిన్నప్పుడు తాతయ్య చెప్పేవాడు. నల్‌దుర్గ్ కోట గోడ బస్సు కిటికీలోంచి కాసేపు కనిపించింది. పక్కసీటు పెద్దాయన కోటలో నీళ్లు దూకే మహల్ ఉందని, వానాకాలంలో చూడాలని హిందీలో చెప్పాడు.

మూడున్నరకు సోలాపూర్‌లో దిగాను. పెద్దమ్మ కొడుకు, మా అన్నయ్య, బండి మీద వచ్చి నిలబడి ఉన్నాడు. పవర్‌లూమ్ మీద పన్నెండు గంటల డ్యూటీ చేసి, నిద్రపోకుండా నేరుగా వచ్చాడు. జుట్టులో నూలు పోగులు ఇంకా అలాగే ఉన్నాయి.

రెండో రోజు, సోమవారం

సోలాపూర్‌లో మావాళ్లు ఎంతమంది ఉన్నారంటే, తూర్పు వైపు పేటల్లో నడుస్తుంటే వరంగల్‌లో ఉన్నామా అనిపిస్తుంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మల మాట తెలుగే, అంగడి మీద పేరు తెలుగు ఇంటిపేరే. ఇక్కడ మొదటి బట్టల మిల్లు 1877లో పెట్టారు. అప్పట్నుంచి నిజాం తెలంగాణ నుంచి పద్మశాలీలు మగ్గం వదిలో, మగ్గం మోసుకునో ఇక్కడికి వస్తూనే ఉన్నారు. మార్కండేయ గుడి ఉంది. రాఖీ పున్నమికి రథం ఊరేగిస్తారు. సోలాపూర్ దుప్పటి అంటే దేశమంతా తెలుసు గానీ, దాని వెనక ఉన్న చేతుల్లో తెలుగువాళ్ల చేతులు ఎన్నో.

మా పెద్దమ్మ పెళ్లయి ఇక్కడికి వచ్చింది. పెదనాన్న మిల్లులో పనిచేశాడు. ఇప్పుడు ఆయన లేడు. ఊరి బయట కుంభారిలో బీడీ కార్మికుల కోసం 10,000 ఇళ్లతో కట్టిన గోదుతాయి కాలనీలో వీళ్ల ఇల్లు. బీడీ చుట్టే ఆడవాళ్లకు సొంత ఇల్లు ఉండాలని కార్మిక నాయకుడు ఆడం నర్సయ్య గారు ముందుండి ఏళ్ల తరబడి కొట్లాడితే వచ్చిన ఇళ్లు ఇవి. ఆయన పేరు ఎత్తితే పెద్దమ్మ ఇప్పటికీ చేతులు జోడిస్తుంది.

పొద్దున లేచేసరికి పెద్దమ్మ చాట ముందు కూర్చుని ఉంది. డెబ్భై రెండేళ్లు. కళ్లద్దాలు పెట్టుకోకుండానే చుడుతోంది. నానబెట్టిన తునికాకును రేకు ముక్క అచ్చు పెట్టి కత్తిరిస్తుంది. ఆకులో చిటికెడు పొగాకు పరిచి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఒక్క దొర్లింపు దొర్లిస్తుంది. దారం రెండు చుట్లు. కొస మడిచి చిన్న ఇనప పుల్లతో లోపలికి నొక్కుతుంది. ఒక్కో బీడీకి అర నిమిషం కూడా పట్టడం లేదు. అన్నీ ఒకే లావు. నా వృత్తి కొలతలు కాబట్టి అడక్కుండానే లెక్కపెట్టుకున్నాను. నాలుగు బీడీలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా నా కంటికి ఆనలేదు. పొగాకు రంగు ఆమె గోళ్లలోకి ఇంకిపోయి, సబ్బుతో పోయే దశ ఎప్పుడో దాటిపోయింది.

"వెయ్యి చుట్టేదాన్ని రోజుకు. ఇప్పుడు మూడొందలు గూడ అయితలేదు" అంది.

నేను అప్పటిదాకా, పుణెలో మంచి ఉద్యోగం వచ్చింది, జీతం ఎక్కువ, అందుకే వెళ్తున్నా అని మాత్రమే చెప్పాను. చాట ముందు కూర్చున్నాక ఆ అబద్ధం నిలవలేదు. కంపెనీ మూసేశారని, నాలుగు నెలలు ఇంట్లో ఉన్నానని, ఈ సంగతి సూర్యాపేటలో అమ్మకు కూడా చెప్పలేదని అంతా చెప్పేశాను. గొంతు బొంగురుపోయింది.

పెద్దమ్మ చెయ్యి ఆపలేదు.

"మీ పెదనాయిన గిర్ని మూసిన్నాడు నేను గిట్లనే చాట ముంగట ఉన్న" అంది.

మా వైపు గిర్ని అంటే పిండి మర. పెద్దమ్మకు గిర్ని అంటే బట్టల మిల్లు. "పొద్దుగాల డబ్బా కట్టిస్తె పట్టుకపోయిండు. మాపటికి డబ్బా అట్లనే తెచ్చిండు, మూత గూడ తియ్యలె. నేను అడగలె. మర్నాడు గూడ డబ్బా కట్టిచ్చిన. పట్టుకపోయిండు. ఎక్కడ కూసునెనో ఏమో. తొమ్మిది దినాలు గట్లనే పోయిండు బిడ్డా. పదో దినం డబ్బా నేనే గుంజుకొని, ఇంట్ల కూసో, నాకు ఆకు కత్తిరియ్యి అన్న. కూసున్నడు."

కాసేపు ఎవరం మాట్లాడలేదు. చాటలో ఆకు కదిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మీ అమ్మకు నేను చెప్ప. నువ్వే చెప్పాలె" అంది చివరికి.

చెప్తానన్నాను. ఆ రోజు చెప్పలేదు.

సాయంత్రం అన్నయ్య సిద్ధేశ్వర జాతరకు తీసుకెళ్లాడు. సంక్రాంతికి మొదలైన జాతర, అంగళ్లు ఇంకా ఉన్నాయి. చెరువు మధ్యలో గుడి, దీపాలు నీళ్లలో పడి సాగుతున్నాయి. అన్నయ్య పచ్చి జొన్న కంకులు కాల్చిన హుర్డా కొనిపెట్టాడు. మన ఊచబియ్యమే. వెల్లుల్లి కారం వేసిన పల్లీల పొడి నంజుకుని తినాలి. పాపకు ఇది ఎప్పుడూ తినిపించలేదని గుర్తొచ్చి, రేటు అడిగి, పొట్లం కట్టించబోయి ఆగిపోయాను. ఇప్పట్లో వెనక్కి వెళ్లడం లేదు కదా.

మూడో రోజు, మంగళవారం

పెద్దమ్మ సంచిలో రెండు పెట్టింది. ఎండబెట్టిన పెంకులా గట్టిగా ఉండే జొన్న రొట్టెలు, కడక్ భాకరీలు, అవి నెల దాకా పాడవవు. డబ్బా నిండా షేంగా చట్నీ, అదే పల్లీల పొడి. ఇంకా అన్నయ్య మగ్గం మీద నేసిన టవల్ ఒకటి. డబ్బులివ్వబోతే పెద్దమ్మ నా చెయ్యి తోసేసింది.

సోలాపూర్ నుంచి పుణె రెండొందల యాభై కిలోమీటర్లు. ఎర్ర ఎస్టీ బస్సు, మన ఆర్టీసీ లాంటిదే. ఈ రోడ్డు కూడా ఆ 65వ నంబరే. భిగవణ్ దగ్గర ఉజని డ్యామ్ వెనక నీళ్లు కనిపించాయి. చలికాలంలో ఇక్కడికి రాజహంసలు వస్తాయట, అవి నాకు కనిపించలేదు. తర్వాత చెరుకు, మళ్లీ చెరుకు, చెరుకు బండ్లు. హడప్సర్ దగ్గర మొదలైన ట్రాఫిక్ స్వార్‌గేట్ దాకా వదల్లేదు.

స్వార్‌గేట్‌లో మెట్రో ఎక్కాను. హైదరాబాద్ మెట్రో అంతా స్తంభాల మీద ఉంటుంది. ఇక్కడ స్వార్‌గేట్ నుంచి శివాజీనగర్ దాకా భూమి లోపల వెళ్తుంది, మధ్యలో ముఠా నది కిందుగా. నది కింద ఉన్నామని పక్కనున్న కాలేజీ కుర్రాడు చెప్తే గానీ తెలియలేదు. శివాజీనగర్ దాటి పైకి రాగానే ఎండ. ఖడ్కీ, బోపోడి, దాపోడి. ఆ తర్వాత వచ్చిన స్టేషన్లలో ఒకదాన్ని భోసరి అంటారని దిగిపోయాను. నిజానికి అది నాసిక్ ఫాటా. భోసరి ఊరు అక్కడ్నుంచి ఇంకా దూరం. సామానుతో కొత్తగా వచ్చేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. షేర్ ఆటో ఎక్కితే గానీ చేరలేదు.

మా పిల్లాడు చాకన్ నుంచి షిఫ్ట్ అయ్యాక వచ్చి కలిశాడు. ఒకప్పుడు బక్కగా ఉండేవాడు. ఇప్పుడు పొట్ట వచ్చింది, మరాఠీ గడగడా మాట్లాడుతున్నాడు. రూము గురించి అతను చెప్పిన మాట మేలు చేసింది. "అన్నా, ఫస్టే రూము తీసుకోకు. డిపాజిట్ ఇరుక్కుంటది. నెల రోజులు కాట్ బేసిస్ మీద ఉండు." కాట్ బేసిస్ అంటే మంచానికి అద్దె. ఒక గదిలో నాలుగు మంచాలు, మన మంచం మనది, నెలకు 2,200. ఓనరమ్మ ఆధార్ కాపీ, ఫొటో తీసుకుంది. పోలీస్ వెరిఫికేషన్ కాగితం నింపించింది. అన్నీ అయ్యాక "జేవలాత్ కా?" అని అడిగింది. తిన్నావా అని. ఆ ఒక్క మాట నాకు తెలుసు కాబట్టి తలూపాను. నిజానికి తినలేదు.

గదిలో ఒకతను బీహార్, ఒకతను లాతూర్. మూడో కుర్రాడు నాందేడ్ జిల్లా దెగ్లూర్. నా ఫోన్‌లో మా ఆవిడ మాట విని దిగ్గున లేచి కూర్చున్నాడు. "అన్నా, మీది తెలుగేనా? మా ఇంట్ల గూడ తెలుగే." మరాఠీ బడిలో చదివాడు, తెలుగు రాయడం రాదు, మాట మాత్రం అచ్చం నిజామాబాద్ మాట. ఆ రాత్రి కడక్ భాకరీ విరుచుకుని నలుగురం షేంగా చట్నీతో తిన్నాం.

నాలుగో రోజు, బుధవారం

ట్రయల్. పొద్దున ఎనిమిదికి. షెడ్డు మా పాతదాని కంటే మూడింతలుంది. గేటు దాటగానే మిషన్ కోతను చల్లబరిచే కూలెంట్ ద్రవం వాసన. ఆ పుల్లటి, నూనె కలిసిన వాసన నాలుగు నెలల తర్వాత ముక్కుకు తగలగానే కడుపులో ఏదో కదిలింది. ఇంటి వాసన లాగానే అనిపించింది.

సూపర్‌వైజర్ యాభై దాటిన మరాఠీ ఆయన. కాగితాలు పక్కన పెట్టి డ్రాయింగ్ చేతిలో పెట్టాడు. బుష్, అంటే మధ్యలో రంధ్రమున్న గుండ్రటి ముక్క. లోపలి బోరు, అంటే ఆ రంధ్రం, 30 హెచ్7. అంటే 30 మిల్లీమీటర్ల మీద 21 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) దాకా పెరగొచ్చు, 30 కంటే ఒక్క మైక్రాన్ కూడా తగ్గకూడదు. తల వెంట్రుక మందంలో మూడో వంతు కూడా ఉండదు ఆ సందు. "సెట్టింగ్ కరో" అని వెళ్లి దూరంగా నిలబడ్డాడు.

ముందు మిషన్ వేడెక్కాలి. పుణెలో జనవరి పొద్దున చలి బాగానే ఉంది. చల్లటి స్పిండిల్ మీద వచ్చిన సైజు గంట తర్వాత రాదు. పదిహేను నిమిషాలు ఖాళీగా తిప్పుతానన్నాను. ఆయన గడియారం చూసుకున్నాడు గానీ వద్దనలేదు. తర్వాత చక్‌లో ముక్కను పట్టుకునే సాఫ్ట్ జాస్‌కు బోరు కొట్టి, జాబ్ పట్టి, టిఫిన్ డబ్బా తెరిచి నా డయల్ తీశాను. స్టాండ్ పెట్టి చక్ చేత్తో తిప్పితే ముల్లు 20 మైక్రాన్లు ఊగింది. అంత రన్‌అవుట్, అంటే ఊగు, ఉంటే బోరు సైజు వచ్చినా జాబ్ పనికిరాదు. చెమట పట్టింది. నాలుగు నెలలు చెయ్యి ఆడించకపోతే మర్చిపోయానా అనే భయం ఒకటి లోపల తిరిగింది. జాస్ విప్పాను. వెనక, సీటింగ్ దగ్గర, గోటి ముక్కంత చిప్ ఇరుక్కుని ఉంది. నా కంటే ముందు షిఫ్ట్ వాళ్లు గాలి కొట్టకుండా బిగించేశారు. శుభ్రంగా తుడిచి, మళ్లీ బిగించి, మళ్లీ బోరు కొట్టి, మళ్లీ డయల్ పెట్టాను. ముల్లు దాదాపు కదల్లేదు.

మొదటి పీసులో కావాలనే మెటీరియల్ వదిలాను. బోర్ గేజ్ 29.940 చూపించింది. ఆఫ్‌సెట్‌లో 0.070 వేసి ఇంకో కట్ తీశాను. 30.012. ఆయన వచ్చి, తన గేజ్‌తో మూడు చోట్ల కొలిచాడు. పైన, మధ్యలో, లోపల. ఏమీ మాట్లాడలేదు. నా డయల్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ చూసి, ఆ బనీను గుడ్డలోనే జాగ్రత్తగా చుట్టి తిరిగి ఇచ్చాడు.

29,000, ఓవర్‌టైమ్ వేరే. పీఎఫ్ పాత యూఏఎన్ నంబరుకే కలుపుతామన్నారు. చేతిలో డబ్బుల్లేక పాత పీఎఫ్ మొత్తం తీసేయాలనిపించిన రోజులు చాలా ఉన్నాయి. మా ఆవిడ పట్టుబట్టి తీయనివ్వలేదు. ఆ మాట విన్నందుకు ఇప్పుడు మంచే జరిగింది.

రేపటి నుంచి వస్తానన్నాను. "కల్ ఛుట్టీ హై. శుక్రవారం రా" అన్నాడు. ఈ వైపు ఫ్యాక్టరీలకు వారం సెలవు గురువారం. కరెంటు సర్దుబాటు కోసం ఎప్పటి నుంచో అలవాటైపోయిందట. ఆదివారం డ్యూటీ ఉంటుంది.

ఐదో రోజు, గురువారం

ఖాళీగా గదిలో కూర్చోలేక ఆళందికి బస్సెక్కాను. భోసరి నుంచి పది పన్నెండు కిలోమీటర్లు. మరాఠీ వాళ్లకు అక్కడున్న జ్ఞానేశ్వర్ మహారాజ్ సమాధి అంటే ఎంత పెద్ద విషయమో దెగ్లూర్ కుర్రాడు రాత్రి చెప్పాడు. గీతకు మరాఠీలో వ్యాఖ్యానం రాసింది 1290లో, సమాధి పొందింది 1296లో. అప్పటికి పాతికేళ్లు కూడా నిండని మనిషి. సన్యాసం తీసుకుని తిరిగి సంసారంలోకి వచ్చిన తండ్రికి పుట్టారని ఆయన్నీ, అన్నదమ్ముల్నీ, చెల్లెలు ముక్తాబాయినీ ఊరు వెలివేసిందట. అదే ఊరికి ఇప్పుడు లక్షల మంది నడిచి వస్తున్నారు.

గుళ్లో ఒక మూల ముగ్గురు ముసలివాళ్లు తాళాలు పట్టుకుని అభంగాలు పాడుతున్నారు. మాటలు నాకు అర్థం కాలేదు. గంటన్నర కూర్చున్నాను.

బయటికొచ్చి ఇంద్రాయణి ఒడ్డున నిలబడితే మనసు చివుక్కుమంది. నీళ్ల మీద తెల్లటి నురుగు. ఫ్యాక్టరీల నీళ్లు, ఊళ్ల మురుగు కలిసి ఇలా తయారైందని పూలమ్మే ఆవిడ చెప్పింది. అయినా జనం దిగి మూడు మునకలు వేస్తున్నారు. నేను బతకడానికి వచ్చింది ఆ ఫ్యాక్టరీల్లోకే. మా షెడ్డులో వాడిన కూలెంట్ ఎక్కడికి పోతుందో చేరిన వారంలోనే అడగాలని అక్కడే అనుకున్నాను. పాత చోట పద్నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు. కాళ్లు కడుక్కోకుండానే వచ్చేశాను.

తిరిగి వచ్చి రూములు చూశాను. ఒకటి నచ్చింది. చిన్న వంటగది, 6,500 అద్దె, 15,000 డిపాజిట్. దగ్గర్లో పాపకు ఏ కాలేజీ ఉందో కనుక్కోవాలి. ఇంటర్ ఇక్కడ చదివించాలా, అక్కడే హాస్టల్లో పెట్టాలా అన్నది ఇంకా తేలలేదు. దాని మీద మా ఆవిడకూ నాకూ ఫోన్‌లో చిన్న గొడవ అయింది.

ఆరో రోజు, శుక్రవారం

మొదటి షిఫ్ట్. నాలుగు మిషన్లు నా కింద. ఆపరేటర్లంతా ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు. ఒకడు మిషన్ ఆగగానే ఎర్ర బటన్ మీద గుద్దుతున్నాడు. అలారం చదవమన్నాను. నాకు చదవడం రాదన్నాడు. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ ఇద్దరం చదివాం. గాలి ప్రెషర్ తక్కువ, అంతే. సాయంత్రానికి వాడే ఇంకొకడికి చదివి చెప్పాడు.

కూలెంట్ గురించి అడిగాను. పీపాల్లో నింపి పెడతాం, నెలకోసారి బండి వచ్చి తీసుకెళ్తుందని చెప్పారు. ఆ పీపాలు చూపించమన్నాను. చూపించారు.

ఏడో రోజు, శనివారం

ఎనిమిది గంటల డ్యూటీ, నాలుగు గంటల ఓటీ. వచ్చి పడుకున్నాను.

ఎనిమిదో రోజు, ఆదివారం

పొద్దున పాప ఫోన్ చేసింది. ఆదివారం కూడా డ్యూటీయా నాన్నా అని అడిగింది. వాళ్లు ఇంట్లో ఉండే రోజున నేను మిషన్ మీద ఉంటాను. నాకు సెలవైన గురువారం తను బడిలో ఉంటుంది. రాత్రి తొమ్మిదికి రోజూ మాట్లాడుకుందామని టైము పెట్టుకున్నాం.

మధ్యాహ్నం భోజనం బ్రేక్‌లో డబ్బా పక్కన పెట్టి, షెడ్డు వెనక వేపచెట్టు కిందకు వెళ్లి సూర్యాపేటకు ఫోన్ చేశాను. ఎలా మొదలుపెట్టాలో రాత్రంతా అనుకున్నాను. అనుకున్నదేదీ నోటికి రాలేదు.

"అమ్మా, నేను పుణెల ఉన్న. బాలానగర్ కంపెనీ బంద్ అయింది."

"ఎరికే" అంది.

"పెద్దమ్మ చెప్పిందా?"

"అక్క ఏం చెప్పలె. నువ్వు దసరాకు రాలేదా? జమ్మి చేతిల పెట్టి కాళ్లు మొక్కితివి. అప్పుడు చూసిన నీ గోర్లు. పద్నాలుగేండ్ల సంది ఎప్పుడొచ్చినా నల్లగనే ఉండె, ఎంత రుద్దినా పోకపోయేది. ఆ పొద్దు తెల్లగున్నయి."

"మరి అడగకపోతివి?"

"నువ్వే చెప్తవని ఊకున్న."

అవతల కాసేపు చప్పుడు లేదు. వెనక తమ్ముడి పిల్లలు ఆడుకుంటున్న అరుపులు వినిపిస్తున్నాయి.

"ఇప్పుడెట్లున్నయిరా?" అని అడిగింది.

ఫోన్ భుజానికి ఆనించుకుని రెండు చేతులూ ముందుకు పెట్టి చూసుకున్నాను. మూడు రోజుల ఆయిల్, గోళ్ల అంచుల్లో సన్నటి నల్ల గీతలు, కుడి బొటనవేలు పక్కన చిప్ గీసిన గాటు.

"నల్లగనే ఉన్నయమ్మా."

"సరే. పొయ్యి అన్నం తిను" అంది.